పసిపిల్లల చెవిపోటు: ఇంటి దగ్గర ఉపశమనం

మాటలు రాని, లేదా అప్పుడప్పుడే వస్తున్న వయసులో పిల్లలకు చెవిలో వచ్చే నొప్పిని పసిపిల్లల చెవిపోటు అంటారు. ఇది విడిగా ఒక జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. ఎక్కువసార్లు జలుబు వెంట మధ్య చెవిలో వచ్చే వాపు దీనికి మూలం. 6 నుంచి 24 నెలల మధ్య వయసు పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. చాలామందిలో రెండు మూడు రోజుల్లో నొప్పి దానంతటదే తగ్గుతుంది. ఆ రెండు మూడు రోజులు, ముఖ్యంగా మొదటి రాత్రి, బిడ్డ బాధ తగ్గించడం, ప్రమాద లక్షణాలు కనిపెట్టి ఉండడం ఇంట్లోవాళ్ల పని. ఇందుకు ఐదు పనికొస్తాయి: బరువును బట్టి నోటి ద్వారా ఇచ్చే నొప్పి మందు, చెవి బయట కాపడం, తల ఎత్తుగా ఉండేలా ఎత్తుకోవడం, పాలు, ముక్కు శుభ్రం. తరతరాలుగా ఇళ్లలో సాగుతున్న అలవాటు చెవిలో ఏదో ఒకటి పోయడం. నొప్పి ఉన్న చోటికి అది చేరదు.

పేరు, పాత గ్రంథాలు

పొడిచినట్టు, ఉండి ఉండి లాగినట్టు వచ్చే నొప్పికి తెలుగులో 'పోటు' అని పేరు. తలపోటు, పంటిపోటు, చెవిపోటు ఇలా పుట్టిన మాటలే. చెవి నుంచి చీము వస్తే 'చెవి కారుతోంది' అంటారు. చెవిలో సహజంగా ఊరే మైనాన్ని గులిమి అని, కొన్ని చోట్ల గుబిలి అని అంటారు.

ఆయుర్వేదంలో ఈ నొప్పి పేరు కర్ణశూల. సుశ్రుత సంహిత 28 కర్ణరోగాలను లెక్కపెట్టి, వాటిలో కర్ణశూలను మొదట చెప్పింది. పిల్లల వైద్యానికే ప్రత్యేకించిన కాశ్యప సంహితలో 'వేదనాధ్యాయం' అనే భాగం ఉంది. నోరు లేని బిడ్డకు ఎక్కడ నొప్పి ఉందో చేష్టలను బట్టి పోల్చుకోవడం ఎలాగో అందులో వివరించారు. చేతులతో చెవులు తాకుతూ, తల అటూ ఇటూ తిప్పుతూ, పాలు వద్దంటూ, నిద్రపోకుండా ఉన్న బిడ్డకు చెవినొప్పి అని గుర్తించాలంటుంది ఆ అధ్యాయం. ఇవాళ పిల్లల డాక్టరు తల్లిని అడిగే ప్రశ్నలూ దాదాపు ఇవే.

చెవి లోపల జరిగేది

చెవిలో మూడు భాగాలు ఉంటాయి. డొప్ప, దాని నుంచి లోపలికి వెళ్లే గొట్టం కలిసి వెలుపలి చెవి. ఆ గొట్టం చివర అడ్డంగా బిగించిన పలుచని పొర కర్ణభేరి. దాని వెనక చిన్న గాలి గదిలా ఉండేది మధ్య చెవి. కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనే మూడు బుల్లి ఎముకలు అందులోనే ఉంటాయి. ఇంకా లోపల, శబ్దాన్ని నాడికి అందించే లోపలి చెవి ఉంటుంది.

మధ్య చెవిలోకి గాలి వచ్చేది బయటి నుంచి కాదు, ముక్కు వెనక నుంచి. అక్కడి నుంచి మధ్య చెవికి ఒక సన్నని నాళం ఉంటుంది. 16వ శతాబ్దపు ఇటలీ శరీర శాస్త్రజ్ఞుడు బార్తలోమియో యూస్టాకి పేరు మీద దాన్ని యూస్టేషియన్ నాళం అంటారు. మింగినప్పుడు, ఆవలించినప్పుడు అది ఒక క్షణం తెరుచుకుంటుంది. పెద్దవాళ్లలో ఈ నాళం సుమారు 35 మిల్లీమీటర్ల పొడవుతో, 45 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది. పసిబిడ్డలో దాని పొడవు అందులో సగమే, సుమారు 18 మిల్లీమీటర్లు. వాలు కూడా 10 డిగ్రీలే, అంటే దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. ముక్కు వెనక చేరిన చీమిడి, పాలు, క్రిములు ఆ పొట్టి దారిలో తేలిగ్గా చెవికి ఎక్కుతాయి. లోపలి నీరు కిందికి జారడమే కష్టం. పెద్దవాళ్లకు వంద జలుబులు చేసినా చెవి జోలికి రాకపోవడానికి, పసివాళ్లకు రెండు మూడు జలుబులకే చెవి పట్టుకోవడానికి ఈ తేడాయే ముఖ్య కారణం.

జలుబు చేసినప్పుడు నాళం లోపలి పొర వాచి దారి మూసుకుపోతుంది. లోపలి గాలి ఇంకిపోయి ఆ ఖాళీలో నీరు ఊరుతుంది. అందులో క్రిములు పెరిగితే చీము పడుతుంది. ఆ ఒత్తిడికి కర్ణభేరి బయటికి ఉబ్బుతుంది. నాడులు దట్టంగా ఉన్న పొర సాగడం వల్లే పోటు. రాత్రిపూట ఇది పెరుగుతుంది. పడుకున్నప్పుడు తలలోని రక్తనాళాలు నిండి వాపు ఎక్కువవుతుంది. నిద్రలో మింగడం తక్కువ కాబట్టి నాళం తెరుచుకోవడమూ తగ్గుతుంది. పగలంతా ఆడుకున్న బిడ్డ అర్ధరాత్రి గుక్కపట్టి ఏడవడం వెనక ఉన్నది ఇదే.

కారణాలు

మధ్య చెవి వాపుకు చాలాసార్లు వైరస్‌తోనే నాంది. ఆర్‌ఎస్‌వీ, రైనో, అడినో, ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లు ముక్కును పట్టుకుంటాయి. ఆ వెనక స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే, మొరాక్సెల్లా కటరాలిస్ అనే బ్యాక్టీరియాలు చెవిలో చేరతాయి.

చెవిపోటులన్నీ మధ్య చెవివి కావు. వెలుపలి గొట్టంలో చర్మం నాని పుండు పడినా, బూజు పట్టినా నొప్పి వస్తుంది. వానాకాలం ఉక్కపోతలో, చెవుల్లో నూనె, నీళ్లు నిలిచే పిల్లల్లో ఇది ఎక్కువ. డొప్పను కాస్త లాగినా, చెవి ముందున్న చిన్న బొడిపెను నొక్కినా బిడ్డ ఉలిక్కిపడి ఏడిస్తే బయటి చెవిని అనుమానించాలి. చెవులు కుట్టించిన కొత్తలో తమ్మె ఎర్రబడి చీము పట్టడం మన ఇళ్లలో మామూలు. పళ్లు వచ్చేటప్పుడు, గొంతు వాచినప్పుడు కూడా నొప్పి చెవికి పాకుతుంది. పాకే వయసు పిల్లలు శనగ గింజలు, పూసలు చెవిలో దూర్చుకుంటారు. బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ చెవిలో ఇరుక్కుంటే కొన్ని గంటల్లోనే లోపలి చర్మాన్ని కాల్చేస్తుంది. అది క్షణం ఆలస్యం చేయకూడని అత్యవసరం.

గుర్తుపట్టడం

తెలుగిళ్లలో బిడ్డ రాత్రి ఆగకుండా ఏడిస్తే మొదట అనుమానించేది దిష్టిని. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేస్తారు. తర్వాత కడుపునొప్పి అనుకుని వాము నీళ్లో గ్రైప్ వాటరో పడతారు. చెవి సంగతి తట్టేసరికి తెల్లవారుతుంది.

రెండు మూడు రోజుల జలుబు తర్వాత కొత్తగా జ్వరం వచ్చి, బిడ్డ పడుకోబెడితే ఏడుస్తూ ఎత్తుకుంటే కాస్త ఊరుకుంటుంటే చెవిని తలచుకోవాలి. ఆకలితో రొమ్ము పట్టుకుని, నాలుగు గుక్కలు తాగి, వదిలేసి ఏడవడం మరో గుర్తు. చప్పరించేటప్పుడు, మింగేటప్పుడు మధ్య చెవిలో ఒత్తిడి మారి నొప్పి పుడుతుంది. చెవి లాక్కోవడం, తల పక్కకు రుద్దుకోవడం, చిరాకు, నిద్ర లేకపోవడం, కొందరిలో వాంతి, విరేచనం కూడా ఉంటాయి.

అయితే చెవి లాక్కోవడం ఒక్కటే ఉంటే దాన్ని చెవిపోటు అనలేం. ఆరేడు నెలల పిల్లలు తమ చెవులు తమకు కొత్తగా దొరికినట్టు ఊరికే లాగి చూసుకుంటారు. నిద్ర వచ్చినా లాగుతారు. జలుబు, జ్వరం, నిద్రలేమి లేకుండా నవ్వుతూ చెవి లాగే బిడ్డ గురించి కంగారు అక్కర్లేదు. తుది నిర్ధారణ మాత్రం డాక్టరు ఆటోస్కోప్‌తో చెవిలోకి చూసి, కర్ణభేరి ఉబ్బిందో లేదో తేల్చినప్పుడే.

ఇంట్లో చేయదగినవి

నొప్పి మందు. పసిపిల్లల చెవిపోటుకు ఇంట్లో ఇవ్వగలిగిన వాటిలో బాగా పనిచేసేది పారాసిటమాల్. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: ఒక్కో విడతకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. రెండు విడతల మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు ఎడం ఉండాలి. 24 గంటల్లో 4 విడతలు దాటకుండా ఉంటే మేలు. అరగంట నుంచి గంటలో నొప్పి తగ్గుముఖం పడుతుంది. 3 నెలల లోపు బిడ్డకు మాత్రం డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు. ఆ వయసులో జ్వరం ఉంటే అసలు ఇంట్లో ఉంచుకోకూడదు.

పొరపాటు ఎక్కువగా జరిగేది సీసా దగ్గర. మన మందుల షాపుల్లో పసిపిల్లల పారాసిటమాల్ వేర్వేరు చిక్కదనాల్లో దొరుకుతుంది. చుక్కల మందులో సాధారణంగా ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములు, ఇంకో రకంలో 5 మిల్లీలీటర్లకు 250. 8 కిలోల బిడ్డకు ఒక విడత 80 నుంచి 120 మిల్లీగ్రాములు. చుక్కల మందైతే అది 0.8 నుంచి 1.2 మిల్లీలీటర్లు. 120 రకం సిరప్ అయితే 3.5 నుంచి 5 మిల్లీలీటర్లు. సిరప్ అనుకుని చుక్కల మందునే 5 మిల్లీలీటర్లు పోస్తే ఒక్కసారే 500 మిల్లీగ్రాములు పడుతుంది, నాలుగు రెట్లకు పైగా. రాత్రి రెండు గంటలకు, గదిలో జీరో బల్బు వెలుతురులో, చంకలో ఏడుస్తున్న బిడ్డతో ఇలా జరగడం ఎంతో తేలిక. లైటు వేసి, సీసా మీద 'ప్రతి ఒక మి.లీ.లో' అని ఉందో 'ప్రతి 5 మి.లీ.లో' అని ఉందో చదవాలి. సీసాతో వచ్చిన డ్రాపర్‌తోనో సిరంజితోనో కొలవాలి. వంటింటి చెంచా కొలత కాదు. ఇచ్చిన సమయాన్ని కాగితం మీద రాసి పెడితే, తెల్లవారుజామున లేచిన తండ్రో అమ్మమ్మో మళ్లీ ఇచ్చే ప్రమాదం తప్పుతుంది. జలుబు మందుల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉండవచ్చు. రెండూ కలిపి ఇస్తే మోతాదు రెట్టింపవుతుంది.

ఐబుప్రొఫెన్ కూడా చెవిపోటుకు పనిచేస్తుంది. దాన్ని 6 నెలలు దాటిన పిల్లలకు, అదీ డాక్టరును అడిగాకే ఇవ్వాలి. వాంతులు, విరేచనాలతో బిడ్డ నీరసించి ఉంటే వద్దు. వానాకాలంలో డెంగీ అనుమానం ఉంటే అసలే వద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు, రేస్ సిండ్రోమ్ అనే ప్రాణాంతక పరిస్థితికి దారి తీయవచ్చు. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు వాడకుండా భారతదేశంలో 2011లో నిషేధించారు.

కాపడం. మెత్తటి నూలు గుడ్డను నాలుగు మడతలు వేసి గోరువెచ్చని నీళ్లలో ముంచి, చుక్క కారకుండా గట్టిగా పిండి, చెవి మీద, దాని చుట్టూ పది నిమిషాలు ఆనించాలి. పొడి గుడ్డను ఇస్త్రీపెట్టె మీద వెచ్చజేసినా సరే. పసివాళ్ల చర్మం పలుచన. పెద్దవాళ్ల అరచేతికి హాయిగా ఉన్న వేడి వాళ్ల చెంపను కాలుస్తుంది. అందుకే వేడిని మణికట్టు లోపలి వైపు పెట్టుకుని చూడాలి. పెనం మీద వేయించిన ఉప్పు మూట, వాము మూట వేడిని లోపల దాచుకుంటాయి. పైకి ఆరినట్టుండి కాలుస్తాయి. బిడ్డలకు అవి తగవు. కాపడం పెట్టినంతసేపూ బిడ్డ పెద్దవాళ్ల చేతుల్లోనే ఉండాలి, నిద్రలో వదిలేయకూడదు. వెచ్చదనం చీమును తగ్గించదు, నొప్పి మీది ధ్యాస మరల్చి హాయినిస్తుంది. కాపడం పెట్టగానే ఏడుపు పెంచే బిడ్డకు దాన్ని ఆపేయాలి.

ఎత్తుకోవడం, పడుకోబెట్టడం. భుజాన వేసుకుని జోకొట్టడం, ఒళ్లో కాస్త ఏటవాలుగా కూర్చోబెట్టుకోవడం చెవిలో ఒత్తిడిని తగ్గిస్తాయి. ఏడాది లోపు బిడ్డ తల కింద మాత్రం దిండు పెట్టకూడదు, ఊపిరాడకుండా పోయే ప్రమాదం ఉంది. నిద్రపోయాక చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి.

పాలు, నీళ్లు. ప్రతి గుటకకూ నాళం ఒకసారి తెరుచుకుంటుంది. అందుకే కొద్దికొద్దిగా, తరచుగా పాలు పట్టాలి. నొప్పితో రొమ్ము వదిలేసే బిడ్డకు మందు పనిచేయడం మొదలయ్యాక పడితే తాగుతుంది. అప్పటికీ తాగకపోతే పాలు పిండి గిన్నెతో, చెంచాతో పట్టవచ్చు. ఆరు నెలలు దాటితే నీళ్లు, పలుచని జావ ఇవ్వవచ్చు.

ముక్కు శుభ్రం. పాలకు ముందు, నిద్రకు ముందు ఒక్కో ముక్కు రంధ్రంలో ఒకటి రెండు సెలైన్ చుక్కలు వేసి, మెత్తటి గుడ్డతో తుడిస్తే బిడ్డ ఊపిరి తేలికై పాలు తాగగలుగుతుంది. నోటి ద్వారా ఇచ్చే జలుబు మందులు చెవిపోటును తగ్గించవు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్‌లను 4 ఏళ్ల లోపు పిల్లలకు వాడవద్దని లేబుల్ మీద రాయాలని భారత ఔషధ నియంత్రణ విభాగం 2023 డిసెంబరులో ఆదేశించింది.

సంప్రదాయ చిట్కాలు

పీట మీద కాళ్లు బారజాపి కూర్చున్న అమ్మమ్మ, ఆ కాళ్ల మీద బోర్లా పడుకున్న బిడ్డ, పక్కన కాగులో వేన్నీళ్లు, గిన్నెలో సున్నిపిండి: తెలుగిళ్లలో లాల పోసే తీరు ఇది. చివర్లో చెవుల్లో, ముక్కులో చెరో చుక్క నూనె వేసి ఊదడం, తల ఆరడానికి సాంబ్రాణి పొగ పట్టడం చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. చెవిపోటు వచ్చినప్పుడు చేసేవి కూడా ఈ అలవాటుకు కొనసాగింపే. నువ్వుల నూనెలో వెల్లుల్లి రెబ్బలు కాచి చుక్కలు వేస్తారు. తులసి ఆకు, ఉల్లిపాయ దంచి రసం పిండుతారు. చనుబాలు చుక్క వేస్తారు. పండిన జిల్లేడు ఆకుకు నెయ్యి రాసి వెచ్చజేసి పిండుతారు.

ఇవన్నీ ఆగిపోయేది కర్ణభేరి దగ్గరే. చీమున్నది దాని వెనక. పొర చెక్కుచెదరకుండా ఉంటే పోసింది లోపలికి పోదు. పొరకు చిల్లు పడి ఉంటే మాత్రం నూనె, రసం, వాటిలోని క్రిములు నేరుగా మధ్య చెవిలోకి పోతాయి. చిల్లు ఉందో లేదో ఇంట్లో చూసే వీలు లేదు. పొయ్యి మీంచి దింపిన నూనె వేడి తెలియక చెవి కాలవచ్చు. జిల్లేడు పాలు చర్మాన్ని, కంటిని గాయపరిచే విషం. చనుబాలు బిడ్డ నోటికి అమృతం, చెవిలో నిలిస్తే క్రిములకు ఆహారం. చెవి చూసే డాక్టరుకు ఈ పూతలు, ముక్కలు అడ్డం పడి కర్ణభేరి కనబడదు.

'నూనె వేస్తే తగ్గింది' అనే అనుభవం అబద్ధం కాదు. ఇజ్రాయెల్‌లో వెల్లుల్లి, కొన్ని మూలికలు కలిసిన ఆలివ్ నూనె చుక్కల మీద పరీక్షలు జరిపి 2001లో, 2003లో ఫలితాలు ప్రచురించారు. మత్తుమందు చుక్కలతో సమానంగా నొప్పి తగ్గినట్టు వాటిలో కనిపించింది. కానీ అందులో పాల్గొన్నవాళ్లు 5 ఏళ్లు పైబడిన పిల్లలు, డాక్టర్లు చెవి చూశాకే చుక్కలు వేశారు. రెండు మూడు రోజుల్లో నొప్పి చాలావరకు దానంతటదే తగ్గేదేనని 2003 నాటి పరిశోధకులే రాశారు. ఇంట్లో కాచిన నూనెను ఆరు నెలల బిడ్డ చెవిలో వేయడానికి ఆ ఫలితాలు ఆధారం కావు.

అమ్మమ్మ పద్ధతిలో నిలబెట్టుకోదగినవి లేకపోలేదు. వెచ్చని గుడ్డ కాపడం, ఒళ్లో పెట్టుకుని గంటలకొద్దీ జోకొట్టే ఓపిక, చిన్నగా పాడే జోలపాట ఇవాళ్టి వైద్యం కూడా చెప్పేవే. చెవి వెనక, మెడ మీద చేత్తో నెమ్మదిగా నిమిరినా హాని లేదు. మానాల్సింది చెవిలో పోయడం, ఊదడం, పొగ పట్టడం. పిన్నీసు, అగ్గిపుల్ల, దూది పుల్లలతో గులిమి తీయడం, చెవిలో కొవ్వొత్తి గొట్టం పెట్టి వెలిగించడం, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయడం కూడా ఈ జాబితాలోనివే.

చెవి కారుతుంటే

ఒక్కోసారి రాత్రంతా ఏడ్చిన బిడ్డ తెల్లవారుతుండగా ఉన్నట్టుండి నిద్రపోతుంది. దుప్పటి మీద పసుపుపచ్చ మరక కనబడుతుంది. ఉబ్బిన కర్ణభేరికి చిన్న చిల్లు పడి చీము బయటికి వచ్చిందని, ఒత్తిడి పోయి నొప్పి తగ్గిందని దాని అర్థం. ఆ చిల్లు చాలాసార్లు కొన్ని వారాల్లో పూడుకుంటుంది. అయినా డాక్టరుకు చూపించాల్సిందే.

ఈ దశలో ఇంట్లో చేయాల్సిన పని వత్తితో చెవిని పొడిగా ఉంచడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ రూపొందించిన, భారతదేశంలో ఐఎంఎన్‌సీఐ పేరుతో అమలయ్యే పిల్లల వైద్య విధానంలో ఆరోగ్య కార్యకర్తలు తల్లులకు నేర్పేది ఇదే. ఉతికి ఎండబెట్టిన మెత్తటి నూలు గుడ్డ మూలను దీపపు వత్తిలా మెలిపెట్టాలి. పుల్ల వాడకూడదు, పోగులు ఊడే దూది వద్దు. ఆ వత్తిని చెవి గొట్టం మొదట్లో పెట్టాలి. తడిసి బరువెక్కగానే తీసి పారేసి, కొత్తది పెట్టాలి. ఇలా వత్తి పొడిగా బయటికి వచ్చేదాకా, రోజుకు కనీసం మూడుసార్లు చేయాలి. వత్తిని చెవిలో వదిలేయకూడదు. తలకు పోసేటప్పుడు చెవిలోకి నీళ్లు పోకుండా చూడాలి.

ఈ విధానంలో 14 రోజులు సరిహద్దు. అంతకంటే తక్కువ రోజులుగా చీము వస్తుంటే అది తాజా ఇన్‌ఫెక్షన్. 14 రోజులు, ఆపైన కారుతుంటే దీర్ఘకాలిక ఇన్‌ఫెక్షన్. నొప్పి లేదు కదా అని ఏళ్ల తరబడి చెవి కారనిస్తే వినికిడి దెబ్బతింటుంది.

వెంటనే డాక్టరు దగ్గరకు

కింది వాటిలో ఏది కనబడినా ఇంటి వైద్యం ఆపి, రాత్రైనా సరే బయల్దేరాలి:

3 నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం.
చెవి వెనక వాపు, ఎరుపు, నొక్కితే నొప్పి, చెవి డొప్ప ముందుకు తోసుకొచ్చినట్టు కనబడడం. చెవి వెనకున్న ఎముకకు ఇన్‌ఫెక్షన్ పాకిందనడానికి ఇవి గుర్తులు.
మాడు ఉబ్బడం, మెడ బిగుసుకోవడం, ఫిట్స్, పిలిచినా పలకని మగత. ఇవి మెదడు పొరల వాపును సూచిస్తాయి.
ముఖం ఒక పక్కకు లాగడం, తూలడం.
పాలు, నీళ్లు పూర్తిగా మానేయడం, తాగిందంతా వాంతి కావడం, చాలాసేపు మూత్రం రాకపోవడం.
చెవిలో బ్యాటరీ, గింజ, పురుగు ఉన్నట్టు తెలియడం. గింజ మీద నీళ్లు పోస్తే ఉబ్బి ఇంకా ఇరుక్కుంటుంది.

జ్వరం 102.2 డిగ్రీలు దాటినా, నొప్పి 48 గంటలకు తగ్గకపోయినా, చెవి కారినా మర్నాటి కోసం ఆగకుండా అదే రోజు చూపించాలి. 6 నెలల లోపు బిడ్డకు చెవిపోటు అనుమానం వస్తే మిగతా గుర్తులు లేకపోయినా చూపించాలి.

డాక్టరు చేసేది

ప్రతి చెవిపోటుకూ యాంటీబయాటిక్ అవసరం లేదు. ఈ విషయం మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో, చికిత్స మొదలుపెట్టిన 24 గంటలకు యాంటీబయాటిక్ వాడినవాళ్లలోనూ, ఉత్తుత్తి మందు వాడినవాళ్లలోనూ సుమారు 60 శాతం పిల్లలకు నొప్పి పోయింది. వాంతి, విరేచనం, ఒంటి మీద దద్దుర్లు మాత్రం మందు వాడినవాళ్లలో ఎక్కువ. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2013 మార్గదర్శకాల ప్రకారం జబ్బు తీవ్రంగా ఉంటే, చెవి కారుతుంటే, రెండేళ్ల లోపు పిల్లలకు రెండు చెవులూ పట్టుకుంటే యాంటీబయాటిక్ ఇవ్వాలి. 6 నెలలు దాటిన బిడ్డకు ఒక చెవికే, తేలికపాటి నొప్పితో ఉంటే 48 నుంచి 72 గంటలు గమనిస్తూ ఆగవచ్చు. ఇవ్వాల్సి వస్తే మొదటి ఎంపిక సాధారణంగా అమాక్సిసిలిన్. రెండేళ్ల లోపు వాళ్లకు పది రోజులు వాడతారు. రెండో రోజుకే బిడ్డ ఆడుకుంటోందని మధ్యలో ఆపకూడదు. మొదటి ఒకటి రెండు రోజులు యాంటీబయాటిక్ నొప్పిని తగ్గించదు, ఈలోగా పారాసిటమాల్ కొనసాగాలి.

మందుల షాపులో అడిగి తెచ్చిన చెవి చుక్కలు, అన్నయ్యకు వాడగా మిగిలిన సీసా బిడ్డకు వేయకూడదు. జెంటమైసిన్, నియోమైసిన్ లాంటివి చిల్లు పడిన కర్ణభేరి దాటి వెళ్తే వినికిడి నాడికే ముప్పు. తిమ్మిరెక్కించే చుక్కలు కూడా కర్ణభేరి బాగుందని డాక్టరు చూశాకే.

కొండదారి, విమానం

ఎత్తు మారినప్పుడు బయటి గాలి ఒత్తిడి మారి, నాళం తెరుచుకోకపోతే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకూ చెవి పోటెత్తుతుంది. పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమలకు తీసుకెళ్లే పిల్లలు ఘాట్ రోడ్డులో గంటలోపే వందల మీటర్ల ఎత్తు ఎక్కి, మళ్లీ దిగుతారు. అమెరికా, గల్ఫ్ నుంచి వచ్చే తెలుగు కుటుంబాలకు విమానం దిగే అరగంట పరీక్షా సమయం. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే చెవి ఎక్కువగా మూసుకుంటుంది. దిగడం మొదలవగానే బిడ్డను లేపి, నిటారుగా కూర్చోబెట్టుకుని పాలు పడితే గుటక గుటకకూ ఒత్తిడి సరి అవుతుంది. చెవిలో దూది పెట్టడం వల్ల ఒరిగేది లేదు. చెవి ఇన్‌ఫెక్షన్ ఉన్న బిడ్డతో ప్రయాణానికి ముందు డాక్టరును అడగాలి.

రాకుండా చూడడం

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే ఇస్తే చెవి ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయి. సీసా పాలు పడితే బిడ్డ తల ఎత్తుగా ఉండాలి. పడుకోబెట్టి, నోట్లో సీసా పెట్టి వదిలేస్తే పాలు నాళం దాకా చేరతాయి. బీడీ, సిగరెట్, కట్టెల పొయ్యి, సాంబ్రాణి, ఏ పొగైనా నాళం లోపలి పొరను వాచేలా చేస్తుంది. ఆరు నెలలు దాటాక నోటి పీకను తగ్గించడం, జలుబు చేసినవాళ్లు చేతులు కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవడం ఉపయోగపడతాయి.

టీకాల్లో న్యుమోకాకల్ టీకా ముఖ్యం. భారత సార్వత్రిక టీకా కార్యక్రమంలో దీన్ని 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2021లో దేశమంతటికీ విస్తరించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఉప కేంద్రాల్లో ఉచితంగా వేస్తారు. ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు మూడు డోసులు. నిమోనియా నుంచి కాపాడేందుకు తెచ్చినా, చెవికి చేరే న్యుమోకాకస్‌లో కొన్ని రకాలను కూడా ఇది అడ్డుకుంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే వైద్య బృందాలు పరీక్షించే 30 సమస్యల్లో చెవి ఇన్‌ఫెక్షన్, వినికిడి లోపం ఉన్నాయి.

తగ్గాక

నొప్పి పోయినంత మాత్రాన చెవి ఖాళీ అయినట్టు కాదు. కర్ణభేరి వెనక మిగిలిన నీరు నెల తర్వాత కూడా సుమారు 40 శాతం పిల్లల్లో ఉంటుంది, మూడు నెలలకు 10 నుంచి 25 శాతం మందిలో మిగులుతుంది. ఆ నీరున్నంతకాలం మాట మందంగా వినబడుతుంది. మాటలు నేర్చుకునే వయసు అదే. కాబట్టి మూడు నెలల తర్వాత ఒకసారి చెవి చూపించాలి. ఈలోగా ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది: బిడ్డకు కనబడకుండా వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలవాలి. పిలిచిన వైపు తిరగని బిడ్డకు, మాటలు ఆలస్యమవుతున్న బిడ్డకు వినికిడి పరీక్ష చేయించాలి.